కావలికి అటూ ఇటూ: పెద్ద యూనివర్సిటీలో పీజీ సీటు తీసుకునే ముందు

డిగ్రీ చివరి సెమిస్టర్ పరీక్షలు అయిపోయిన దగ్గర్నుంచి పీజీసెట్ (పీజీ ప్రవేశ పరీక్ష) కౌన్సెలింగ్ ముగిసేదాకా మా నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇళ్లలో ఒకటే చర్చ. పిల్లని విశాఖకో తిరుపతికో పంపాలా, లేక కాకుటూరులోనో ఒంగోలులోనో చేర్పించి ఇంటి అన్నం తిననివ్వాలా అని. నేను నెల్లూరులో డిగ్రీ చేసి, పెద్ద క్యాంపస్‌లో పీజీ చేశాను. అప్పట్నుంచి తెలిసినవాళ్ల పిల్లలకు ఆప్షన్లు పెట్టించడం, సర్టిఫికెట్లు సరిచూడడం అలవాటైపోయింది. ఆ క్రమంలో తెలిసినవి రాస్తున్నాను. ఇది ఎంఏ, ఎంకాం, ఎమ్మెస్సీల సంగతి. ఇంజనీరింగ్ లెక్కలు వేరు, వాటి జోలికి పోవడం లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. యూనివర్సిటీ పేరు కోసం అంత దూరం వెళ్లొద్దు. అక్కడి ఒక డిపార్ట్‌మెంటు కోసమైతే వెళ్లండి. పెద్ద యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంటుకీ దాని పక్క డిపార్ట్‌మెంటుకీ ఉన్న తేడా, ఆ యూనివర్సిటీకీ మన ఊరి యూనివర్సిటీకీ ఉన్న తేడా కంటే ఎక్కువగా ఉంటుంది. పేరు మాత్రం అందరికీ ఒకటే.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో మొదలైంది, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర 1954లో, నాగార్జున 1976లో. మన విక్రమ సింహపురి 2008లో వచ్చింది. వెంకటాచలం మండలం కాకుటూరులో హైవే మీద దాని క్యాంపస్ ఉంది. దానికి ముందు కావలి పీజీ సెంటరు తిరుపతి వాళ్లదే. ఒంగోలులో నాగార్జున పీజీ సెంటరుగా నడిచిందే ఇప్పుడు ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం. ఈ వయసు తేడా భవనాల్లో కంటే మనుషుల్లో కనిపిస్తుంది. పాత చోట మీ డిపార్ట్‌మెంటులో చదివినవాళ్లు ఫార్మా కంపెనీల్లో, డిగ్రీ కాలేజీల్లో, సచివాలయంలో అన్నిచోట్లా ఉంటారు. రీసెర్చ్ స్కాలర్లు ల్యాబ్‌లోనే కూర్చుని ఉంటారు. నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష)కు ఏ పుస్తకం చదవాలో, ఏ యూనిట్ వదిలేయొచ్చో లెక్చరరు చెప్పకపోయినా పక్క గది అన్న చెబుతాడు. పెద్ద క్యాంపస్ ఇచ్చే వాటిలో నిజంగా విలువైనది ఇదేనని నా లెక్క. కాకపోతే అది అడిగినవాడికే దక్కుతుంది. తరగతికి వచ్చావా లేదా అని కూడా పట్టించుకోని చోట, నోరు విప్పని పిల్లవాడు రెండేళ్లూ హాస్టల్ గదికే పరిమితమై తిరిగి వచ్చేస్తాడు.

పీజీసెట్ గురించి క్లుప్తంగా. కంప్యూటర్ మీద 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు. 2021 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే పరీక్ష అయింది. అంతకుముందు ఏ యూనివర్సిటీకి ఆ యూనివర్సిటీ వేరే పరీక్ష పెట్టేది. లైఫ్ సైన్సెస్ పేపరు ఒక్కటి రాస్తే బోటనీ, జువాలజీ, మైక్రోబయాలజీ లాంటి చాలా కోర్సులకు పనికొస్తుంది. కెమికల్ సైన్సెస్ కూడా అంతే. కాబట్టి పరీక్ష పెద్ద చిక్కు కాదు. చిక్కంతా లోకల్ ఏరియాతోనే.

మన రెండు జిల్లాల వాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఇదే, తల్లిదండ్రుల్లో ఎక్కువమందికి తెలియనిదీ ఇదే. ఆంధ్రప్రదేశ్‌లో సీట్లకు రెండు లోకల్ ఏరియాలు ఉన్నాయి. ఆంధ్ర యూనివర్సిటీ ఏరియాలో శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా పాత కోస్తా జిల్లాలు వస్తాయి. వేంకటేశ్వర ఏరియాలో పాత నెల్లూరు, చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు. అంటే కావలి దాటి ఉత్తరానికి పోతే గీత మారిపోతుంది. ప్రతి కోర్సులోనూ 85 శాతం సీట్లు ఆ ఏరియా వాళ్లకే. మిగిలిన 15 శాతంలో అందరూ పోటీ పడాలి, లోకల్ వాళ్లు కూడా. ఒంగోలు పిల్లకు విశాఖలోనూ నాగార్జునలోనూ 85 శాతంలో చోటుంటుంది. నెల్లూరు పిల్లకు అక్కడ 15 శాతమే దిక్కు, తిరుపతిలో మాత్రం 85. ఒకే ర్యాంకు తెచ్చుకున్న ఇద్దరు స్నేహితుల్లో ఒకరికి విశాఖలో ఆర్గానిక్ కెమిస్ట్రీ వచ్చి ఇంకొకరికి రాకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. అన్యాయం జరిగిందని కోప్పడతారు గానీ అది నిబంధన.

లోకల్ అనేది మీ ఇల్లు ఎక్కడుందో చూసి తేల్చరు, మీరు చదివిన ఊళ్లను చూసి తేలుస్తారు. పీజీకి అర్హత పరీక్ష డిగ్రీ. డిగ్రీ చివరి ఏడాదితో కలిపి వెనక్కి వరసగా నాలుగేళ్లు ఒకే ఏరియాలో చదివితే ఆ ఏరియా లోకల్. అంటే డిగ్రీ మూడేళ్లు, ఇంటర్ రెండో ఏడు. అలా కుదరకపోతే చివరి ఏడేళ్లు చూస్తారు, ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివితే అక్కడి లోకల్ అవుతారు. లెక్క చేసి చూద్దాం. కావలి అబ్బాయి, తొమ్మిది, పది కావలిలో, ఇంటర్ నెల్లూరులో, డిగ్రీ ఒంగోలులో. డిగ్రీ చివరి ఏడాదితో ముగిసేలా వరసగా నాలుగేళ్లు ఒకే ఏరియాలో రాలేదు. ఏడేళ్లలో వేంకటేశ్వర ఏరియా నాలుగు, ఆంధ్ర ఏరియా మూడు. కాబట్టి అతను వేంకటేశ్వర లోకల్. అదే అబ్బాయి ఇంటర్‌ను గుంటూరులోనో విజయవాడలోనో ఏదైనా రెసిడెన్షియల్ కాలేజీలో చదివి ఉంటే, ఇంటరూ డిగ్రీ కలిసి ఐదేళ్లు ఆంధ్ర ఏరియా. ఇల్లు కావలిలోనే ఉన్నా ఆంధ్ర లోకల్ అయిపోతాడు, తిరుపతిలో బయటివాడు. మన పిల్లలు ఇంటర్‌కి గుంటూరు, విజయవాడ హాస్టళ్లకు పోవడం మామూలే గనుక ఈ లెక్క కాగితం మీద వేసుకోకుండా ఆప్షన్లు పెట్టొద్దు. 2022లో కందుకూరు ప్రాంతాన్ని ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలో కలిపారు గదా, తర్వాత మళ్లీ ప్రకాశంలోకి మార్చారు. అలా జిల్లా మారిన ఊళ్లలో చదివినవాళ్లు ఆ ఏటి నోటిఫికేషన్‌లో తమ ఊరు ఏ ఏరియా కింద రాసి ఉందో చూసుకోవాలి.

ఏరియా తేలాక డిపార్ట్‌మెంటు చూడాలి. వీలైతే ఒకసారి వెళ్లి చూసి రావడం మంచిది. ఆదివారమో సెలవుల్లోనో వెళ్తే చెట్లూ పాత భవనాలూ కనిపిస్తాయి, అవి ఎప్పుడూ బాగానే ఉంటాయి. పనిదినాన, పొద్దున పదకొండు నుంచి మధ్యాహ్నం మూడు మధ్యలో వెళ్లాలి. తరగతి జరగాల్సిన వేళకి గదిలో మనుషులున్నారా, మధ్యాహ్నం ల్యాబ్ తాళం తీసి ఉందా అని చూడాలి. హెడ్డుని కలవడం కంటే క్యాంటీన్‌లో రెండో ఏడాది పిల్లల దగ్గర కూర్చోవడం మేలు. అడగాల్సినవి: పోయిన వారం ఎన్ని క్లాసులు జరిగాయి? స్పెషలైజేషన్ పేపర్లు ఎవరు చెబుతున్నారు? ప్రాక్టికల్స్ సెమిస్టర్ పొడుగునా చేయించారా, పరీక్షకు ముందు వారంలో కుదించారా? ప్రాజెక్టుకి ఎక్కడికి పంపుతారు?

ఫ్యాకల్టీ సంగతి వేరుగా చెప్పుకోవాలి. రాష్ట్ర యూనివర్సిటీల్లో ఏళ్ల తరబడి రెగ్యులర్ నియామకాలు సరిగా జరగలేదు. పెద్ద ప్రొఫెసర్లు రిటైరయ్యారు, ఆ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఒకప్పుడు నిండుగా ఉన్న డిపార్ట్‌మెంట్లు ఇద్దరు ముగ్గురు రెగ్యులర్ వాళ్లతో, మిగతా గెస్ట్, కాంట్రాక్ట్ ఫ్యాకల్టీతో నడుస్తున్నాయి. గెస్ట్ ఫ్యాకల్టీలో బాగా చెప్పేవాళ్లు లేరని కాదు. ఉన్నారు, కొందరు రెగ్యులర్ వాళ్ల కంటే బాగా చెబుతారు. కానీ వాళ్లకి వచ్చే ఏడు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. మధ్యలో వెళ్లిపోతే ఆ పేపరు గాలికి పోతుంది. పీహెచ్‌డీ చేయాలన్న ఆలోచన ఉంటే రెగ్యులర్ వాళ్ల సంఖ్య ఇంకా ముఖ్యం. యూజీసీ నిబంధన ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు మాత్రమే పీహెచ్‌డీ చేయొచ్చు. ఇద్దరే గైడ్లున్న డిపార్ట్‌మెంటులో ఆ ఖాళీలు ఎప్పటికి వస్తాయో మీరే లెక్కేసుకోండి. వెబ్‌సైట్‌లో ఉన్న పేర్ల జాబితాను మాత్రం నమ్మొద్దు. రిటైరైనవాళ్ల ఫొటోలు కూడా అక్కడే ఉంటాయి.

సైన్స్ వాళ్లకు ల్యాబ్. పెద్ద యూనివర్సిటీలో ఖరీదైన పరికరాలుంటాయి, కానీ అవి ఎక్కువగా రీసెర్చ్ స్కాలర్ల చేతుల్లో ఉంటాయి. ఎమ్మెస్సీ పిల్లలకు దూరం నుంచి చూపిస్తారు. పాడైన మిషన్‌కి ఏఎంసీ (ఏటా కట్టే మరమ్మతు ఒప్పందం డబ్బు) కట్టకపోతే ఏళ్ల తరబడి గుడ్డ కప్పి ఉంచుతారు. "ఈ మిషన్ మీరే నడిపారా, శాంపిల్ మీరే పెట్టారా?" అని రెండో ఏడాది వాళ్లను అడగండి. ఔనంటే ఆ డిపార్ట్‌మెంటుకి వెళ్లొచ్చు, ఫార్మా క్వాలిటీ కంట్రోల్ ఇంటర్వ్యూలో అడిగేదీ అదే గనుక.

కొన్ని సబ్జెక్టుల్లో చిన్న యూనివర్సిటీయే నయం. మెరైన్ బయాలజీ, ఆక్వా, మైక్రోబయాలజీ లాంటివి చదివి హేచరీల్లో, మేత ఫ్యాక్టరీల్లో, రొయ్య పిల్లలకు పీసీఆర్ (రోగ నిర్ధారణ) టెస్టులు చేసే ల్యాబుల్లో చేరాలనుకునేవాళ్లకు మన తీరమే ఉద్యోగం దొరికే చోటు. ప్రాజెక్టు సమయంలో రోజూ చెరువు గట్టుకు పోగలిగే దూరంలో ఉండడం పెద్ద సంగతి. తెలుగు ఎంఏ వాళ్లకు కూడా. ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం మైసూరు నుంచి తరలివచ్చి మన నెల్లూరు వైపే ఉంది. మాథ్స్, ఫిజిక్స్, ఎకనామిక్స్, హిస్టరీ లాంటి వాటికి, నెట్ రాసి లెక్చరర్ కావాలనుకుంటే పెద్ద క్యాంపస్‌కే నా ఓటు. లైబ్రరీ ఉంటుంది, కలిసి చదివే జనం ఉంటారు. జేఆర్‌ఎఫ్ (నెట్‌లో మంచి మార్కులకు ఇచ్చే రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు. ఆ పరీక్షకు ఒంటరిగా ఇంట్లో కూర్చుని చదవడం కష్టం. గ్రూప్స్ రాయాలనుకునేవాళ్లు కూడా పెద్ద క్యాంపస్‌లో సీటు సంపాదించి లైబ్రరీలో కూర్చుంటారు. పొద్దున్నే వెళ్లకపోతే రీడింగ్ హాల్లో కుర్చీ దొరకదు. అది మంచో చెడో చెప్పలేను గానీ సీటు పోయేది మాత్రం సబ్జెక్టు నిజంగా చదవాలనుకున్నవాడిదే.

డబ్బు లెక్క దగ్గర తొందరపడొద్దు. ఒకే క్యాంపస్‌లో ఒకే కోర్సు రెగ్యులర్‌గానూ సెల్ఫ్ ఫైనాన్స్‌గానూ ఉండొచ్చు. ఆప్షన్ల పేజీలో రెండూ వేర్వేరు కోడ్‌లతో కనిపిస్తాయి, పేరు మాత్రం ఒకటే, ఫీజుకు పోలిక లేదు. కోడ్ చూడకుండా క్లిక్ చేసేవాళ్లు సెల్ఫ్ ఫైనాన్స్‌లో పడి చలానా చూసి అదిరిపోతారు. ఇంకోటి, 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77తో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేసేవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిపోయింది. చాలామంది క్యాంపస్ కాలేజీల వైపు మళ్లడానికి అదీ ఒక కారణం. చేరే ఏట ప్రభుత్వం ఏం ఇస్తోందో ఆ ఏటి ఉత్తర్వులు చూసి తేల్చుకోండి, పోయినేడాది సీనియర్ మాట ఈ ఏటికి చెల్లకపోవచ్చు. రీయింబర్స్‌మెంట్‌కు 75 శాతం హాజరు కావాలి. హాజరు అడిగేవాళ్లు లేరు గదా అని గదిలో పడుకున్నవాళ్లు సెమిస్టర్ చివర్లో కండొనేషన్ (తగ్గిన హాజరుకు మినహాయింపు) కోసం తిరుగుతుంటారు.

హాస్టల్ ఖర్చు అంచనా వేయాలంటే మెస్ డివైడింగ్ అర్థం కావాలి. నెలంతా బియ్యం, కూరలు, గ్యాస్, వంటవాళ్ల జీతాలు అన్నీ కలిపి, అందరూ తిన్న రోజుల మొత్తంతో భాగిస్తారు. లెక్క కోసం, నెల ఖర్చు 3,60,000, తినేవాళ్లు 120 మంది, 30 రోజులు. మొత్తం 3,600 భోజన దినాలు, రోజుకి 100 రూపాయలు. 22 రోజులే ఉన్నవాడికి 2,200. ఇక్కడ మెలిక పండగ నెలలో ఉంటుంది. సంక్రాంతికి సగం మంది ఊళ్లకు పోతే బియ్యం ఖర్చు తగ్గుతుంది, వంటవాళ్ల జీతాలు తగ్గవు. అవి మిగిలిన రోజుల మీద పడి రోజు రేటు పెరుగుతుంది. మెస్‌కట్ (లేని రోజులకు బిల్లు తగ్గింపు) కావాలంటే వరసగా ఇన్ని రోజులు లేకపోవాలని, ముందుగా రాసివ్వాలని నియమం ఉంటుంది. చెప్పకుండా వెళ్లినవాడికి తినకపోయినా బిల్లు పడుతుంది. బకాయి ఉంటే హాల్ టికెట్ దగ్గర ఆపుతారు. మొలగొలుకుల అన్నం తిన్న నోటికి ఆ మెస్ బియ్యం ఎక్కడానికి కొంత కాలం పడుతుంది, అది వేరే సంగతి. హాస్టల్ గది తరగతులు మొదలైన రోజే చేతికి వస్తుందని కూడా అనుకోవద్దు. అలాట్‌మెంట్ ఆలస్యమైతే కొన్ని వారాలు బయట గది తీసుకోవాల్సి రావచ్చు. ఆ అడ్వాన్సు డబ్బు చేతిలో ఉంచుకోండి.

దూరం. నెల్లూరు నుంచి తిరుపతి బస్సులో సుమారు మూడు గంటలు, శుక్రవారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్లిపోవచ్చు. ఒంగోలు నుంచి నాగార్జునకు పోవడం తేలిక, విజయవాడ హైవే మీదే క్యాంపస్. విశాఖ అంటే నెల్లూరు నుంచి ఆరు వందల కిలోమీటర్లు, ఒక రాత్రి రైలు. తిరుమల ఎక్స్‌ప్రెస్ లాంటి వాటిలో సంక్రాంతికి స్లీపర్ దొరకాలంటే రిజర్వేషన్ తెరిచిన రోజే చేయించాలి. ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు గనుక, పండక్కి ఇంటికి రావాలంటే నవంబరు రెండో వారంలోనే. ఇంట్లో పెద్దవాళ్లకు ఆరోగ్యం బాగోలేక తరచుగా రావాల్సి వచ్చేవాళ్లకు విశాఖ వద్దనే చెబుతాను, సీటు వచ్చినా సరే.

ఆఫీసు పనులకు పెద్ద యూనివర్సిటీ నెమ్మది. రీవాల్యుయేషన్ ఫలితం, మార్కుల మెమోలో పేరు తప్పు దిద్దడం, ప్రొవిజనల్, ఒరిజినల్ డిగ్రీ, ఏదీ ఒక కిటికీ దగ్గర అవదు. చలానా ఒక చోట, ఫారం మీద హెడ్డు సంతకం ఇంకో చోట, నో డ్యూస్ (బకాయిలు లేవన్న సంతకం) లైబ్రరీ, హాస్టల్, ల్యాబ్ మూడు చోట్లా. చదువుకునేటప్పుడు ఇది పెద్ద బాధ కాదు. చదువు అయిపోయి ఊరికి వచ్చేశాక మళ్లీ ఆరు వందల కిలోమీటర్లు పోయి తిరగడమే బాధ. అందుకే చివరి సెమిస్టర్ పరీక్షలు కాగానే ఇంటికి పరుగెత్తకుండా నో డ్యూస్ ముగించి, టీసీ చేతిలో పెట్టుకుని రైలెక్కండి.

కౌన్సెలింగ్‌కు కాగితాలు: పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మెమోలు, ప్రొవిజనల్, టీసీ, చివరి ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం, ఈడబ్ల్యూఎస్ అయితే అది, ఆధార్. ఇబ్బంది పెట్టేవి ఎప్పుడూ స్టడీ సర్టిఫికెట్లే. మూతపడిన స్కూలు ఒకటి మధ్యలో ఉంటే ముందుగానే మండల విద్యాధికారి ఆఫీసుకు వెళ్లి రికార్డు అడగాలి, వెరిఫికేషన్ ముందు రోజు కాదు. పది మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో ఒక్క అక్షరంతో ఉంటే ఆధార్‌ను మెమో ప్రకారం దిద్దించుకోండి, మెమోను మార్చడం చాలా కష్టం. సింహపురిలో డిగ్రీ చేసి ఆంధ్రకో నాగార్జునకో వెళ్లేవాళ్లకు మైగ్రేషన్ సర్టిఫికెట్ అదనం. అది డిగ్రీ ఇచ్చిన యూనివర్సిటీ నుంచే తీసుకోవాలి. డిగ్రీలో సప్లీ మిగిలి ఉంటే ర్యాంకు ఎంత మంచిదైనా వెరిఫికేషన్ దగ్గర ఆగిపోతుంది.

ఆప్షన్లు నిజంగా కావాల్సిన వరసలోనే పెట్టండి. "ఇది ఎలాగూ రాదులే" అని పై సీటును కిందికి నెడితే, ర్యాంకు అందినా అది రాదు. కింద పెట్టిన చోటికి ఎప్పటికీ వెళ్లనని తెలిస్తే అసలు పెట్టొద్దు. మొదటి విడతలో సీటు వచ్చి రెండో విడతలో మళ్లీ పెడితే, కొత్తది రాగానే పాతది రద్దయిపోతుంది, తిరిగి అడిగినా ఇవ్వరు. ఈ మధ్యలో ఏదైనా ప్రైవేటు కాలేజీలో ముందుగా చేరి ఒరిజినల్ టీసీ ఇచ్చేస్తే, దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికే రెండో విడత గడువు దాటిపోతుంది. జిరాక్సులు ఇవ్వండి, ఒరిజినల్స్ చివరి విడతయ్యాకే.

అన్ని విడతలూ అయ్యాక కూడా పెద్ద క్యాంపస్‌ల్లో కొన్ని కోర్సుల్లో సీట్లు మిగులుతాయి. వాటికి యూనివర్సిటీ స్పాట్ అడ్మిషన్లు పెడుతుంది, ఆ రోజు ఒరిజినల్స్‌తో స్వయంగా వెళ్లాలి. వెళ్లే ముందు రెండు అడగండి. ఆ కోర్సులో చేరినవాళ్లు ఎంతమంది ఉన్నారు? మరీ తక్కువైతే ఆ ఏడు కోర్సు నడపకపోవచ్చు. రెండోది ఫీజు. స్పాట్‌లో చేరినవాళ్లకు రీయింబర్స్‌మెంట్ వర్తించదు, మొత్తం చేతి నుంచే కట్టాలి. కౌంటర్ దగ్గర చెప్పకపోతే మీరే అడిగి, రాసిన కాగితం చూశాకే చలానా తీయండి.